అద్దె పుస్తకానికి తాళం, అమ్మిన పుస్తకానికి పేరు: ఒక ఈ-బుక్ దుకాణం అనుభవం

"మీరు పంపిన పుస్తకంలో రెండు పేజీలు కూడా లేవు. ఉన్నవి కూడా ఏవో అర్థంకాని గుర్తులు. అసలు నవల ఎప్పుడు పంపుతారు?"

ఈ ఉత్తరం రాసిన పెద్దాయన మా దుకాణంలో డబ్బు చెల్లించి ఒక నవల కొన్నారు. మేం పంపింది మాత్రం నవల కాదు, ఏసీఎస్ఎం అనే బుల్లి ఫైలు. ఫలానా సర్వరు నుంచి ఫలానా పుస్తకం తెచ్చుకోవచ్చని చెప్పే అనుమతి చీటీ అది. అడోబీ డిజిటల్ ఎడిషన్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తేనే ఆ చీటీ పనిచేసి అసలు పుస్తకం దిగుతుంది. ఆయన దాన్ని ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో తెరిచారు. చీటీలోని అక్షరాలు చూసి, మోసపోయానేమోనని భయపడ్డారు. నేను ఆయనకు పదకొండు అంచెల సూచనలు రాసి పంపాను. జవాబు రాలేదు. వారం తర్వాత డబ్బు వెనక్కి అడిగారు.

నేను ఒక ప్రచురణ సంస్థలో ఈ-బుక్కుల సాంకేతిక బాధ్యతలు చూస్తాను. మా సొంత వెబ్‌సైటులో పాఠకులకు నేరుగా అమ్మే పుస్తకాల మీద ఉన్న తాళాన్ని మేం ఎలా మార్చుకున్నామో, ఎక్కడ తప్పటడుగులు వేశామో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవారికి మా తప్పులే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

తాళం ఎలా పడింది

అమ్మకాలు మొదలుపెట్టిన రోజుల్లో తాళం కావాలా వద్దా అన్న చర్చే జరగలేదు. రచయితలతో చేసుకున్న ఒప్పందంలో "కాపీ కాకుండా తగిన రక్షణ కల్పించాలి" అన్న వాక్యం ఉంది. రక్షణ అంటే డీఆర్ఎం, అంటే ఫైలు కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళమే అని అందరం అనుకున్నాం. అమ్మకాల వ్యవస్థ సమకూర్చిన సంస్థ దగ్గర అడోబీ పద్ధతి సిద్ధంగా ఉంది. సెట్టింగులలో ఒక గడిలో టిక్కు పెట్టాం. ఆ టిక్కు పాఠకుడి చేత ఏమేం చేయిస్తుందో మాలో ఎవరూ ఆలోచించలేదు.

పెద్దాయన ఉత్తరం వచ్చాక, పాత ల్యాప్‌టాప్ ఒకటి పూర్తిగా తుడిచేసి, కొత్త పాఠకుడిలా మా పుస్తకాన్ని నేనే కొని చూశాను. చీటీ ఫైలు దిగింది, దాన్ని ఏది తెరుస్తుందో కంప్యూటర్‌కు తెలియదు. వెతికి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అది అడోబీ ఐడీ అడిగింది. ఐడీ కోసం ఇంకో సైటుకు వెళ్లి వివరాలు నింపి, మెయిలులో వచ్చిన లింకు నొక్కి మళ్లీ వచ్చేసరికి ఏ ఫైలు తెరవాలో మరిచిపోయాను. ఇదంతా రోజూ చేసేవాణ్ని నేను. కథ చదవాలని ఉబలాటపడుతున్న మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

ఉత్తరాల దొంతరలు

తర్వాత ఒక పాతకాలపు పని చేశాను. సహాయం కోరుతూ వచ్చిన ఉత్తరాలన్నీ అచ్చు తీసి, బల్లమీద రకాలవారీగా దొంతరలు పేర్చాను. తెరమీద చదివితే ఒక్కో ఉత్తరం ఒక్కో సమస్యగా కనిపిస్తుంది. బల్లమీద పేరిస్తే దొంతర ఎత్తు కనిపిస్తుంది.

అన్నిటికంటే ఎత్తైన దొంతర ఏసీఎస్ఎం తెరవడం తెలియనివారిది. దాని పక్కన ఇంకా చిత్రమైనది: ఇంట్లో ఒకరి ఐడీతో చీటీ తెరిచి, మరొకరి ఫోనులో చదవబోయినవారు. ఒక ఐడీకి పుస్తకం ముట్టాక అదే చీటీని రెండో ఐడీతో తెరిస్తే, ఇది ఇప్పటికే వేరొకరికి చేరిందని వ్యవస్థ తిరస్కరిస్తుంది. భార్య కొన్న పుస్తకం భర్త ఫోనులో తెరుచుకోదు. మా వైపు నుంచి చూస్తే అది నిబంధన. వారి వైపు నుంచి చూస్తే సొంత ఇంట్లో దొంగతనం నింద.

మూడోది ఫోన్లు మార్చినవారిది. ఒక ఐడీ కింద నమోదు చేయగల పరికరాలకు పరిమితి ఉంది, సాధారణంగా ఆరు. పాత ఫోను పాడై పారేసినా, దాన్ని ముందుగా జాబితా నుంచి తొలగించకపోతే లెక్కలో అలాగే ఉండిపోతుంది. ఆరు పరికరాలు ఎక్కువే అనిపిస్తాయి కానీ, ఏళ్ల తరబడి చదివేవారికి అవి ఇట్టే అయిపోతాయి. అంటే మా దగ్గర ఎక్కువకాలంగా కొంటున్న పాఠకులే ఈ గోడకు ముందుగా తగులుతున్నారు.

నాలుగోది చిన్న దొంతర, మూడే ఉత్తరాలు. అయినా నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. చూపు లేని పాఠకులు రాసినవి. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే తమ స్క్రీన్ రీడర్ మా తాళం వేసిన ఫైలును చదవలేకపోతోందని, ఇదే పుస్తకం దొంగ కాపీ అయితే చక్కగా చదువుతోందని ఒకరు రాశారు. ఆ ఉత్తరానికి ఏం జవాబు రాయాలో తోచక రెండు రోజులు పక్కన పెట్టాను. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చిన ప్రాప్యతా చట్టం (వికలాంగులకూ అన్నీ అందుబాటులో ఉండాలనే చట్టం), ఈ-బుక్కుల మీద ఉండే డీఆర్ఎం అలాంటి సదుపాయాలకు అడ్డుపడకూడదని స్పష్టంగా అంటోంది. మాకు ఆ చట్టం వర్తిస్తుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ ఉత్తరం చదివాక చట్టం దాకా వెళ్లాల్సిన అవసరం కనిపించలేదు.

ఏ దొంతరలోనూ చేరనివారు ఇంకొందరు ఉంటారు. ఒక పుస్తకం కొని, విసిగిపోయి, ఉత్తరమైనా రాయకుండా మళ్లీ ఇటు చూడనివారు. వారిని లెక్కపెట్టే దారి నాకు దొరకలేదు.

దొంగ కాపీల పుట్టుమచ్చలు

తాళం ఇంత బాధ పెడుతున్నా, దాని పని అది చేస్తోందేమో చూడాలి కదా. మా పుస్తకాల దొంగ కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, దొరికినవన్నీ దించుకుని, ఒక్కోటి ఎక్కడ పుట్టిందో కనిపెట్టడానికి కూర్చున్నాను. ఈ పని సరదాగానే ఉంటుంది. ప్రతి ఫైలుకూ పుట్టుమచ్చలు ఉంటాయి.

కొన్ని అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసినవి. పేజీ అంచున బొటనవేలి నీడ ఉంటుంది, మధ్యలో కుట్టు దగ్గర అక్షరాలు వంగి ఉంటాయి. ఈ-బుక్కుకు ఎంత పెద్ద తాళం వేసినా వీటిని ఆపలేం. ఒక పీడీఎఫ్‌లో పేజీ నాలుగు మూలలా కత్తిరింపు గుర్తులు ఉన్నాయి, మూడో అధ్యాయంలో ఒక పాత్ర పేరు తప్పుగా ఉంది. ఆ తప్పును మేం చివరి ప్రూఫులో దిద్దాం. అంటే బయటికి పోయింది అమ్మిన ఫైలు కాదు, అచ్చుకు ముందు మెయిళ్లలో తిరిగిన ప్రూఫు. సమీక్షకులకు, ముఖచిత్రం వేసేవారికి, అచ్చు యంత్రం దగ్గరికి, ఇంకెవరెవరికో మేమే పంపాం. ముందు తలుపుకు ఇనుప గొళ్లెం పెట్టి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టయింది మా పని.

ఇక మిగిలినవి మా ఈ-బుక్కులే. తాళం తీసేసి ఉన్నాయి, అంతే. అడోబీ తాళాన్ని తీసే పద్ధతి 2009లోనే బయటికి వచ్చింది. ఒక్కరు తీసి పెడితే చాలు, ఆ తర్వాత దించుకునే ఎవరికీ తాళం అనేది ఒకటుందని కూడా తెలియదు. తాళం ఉందని తెలిసేది డబ్బిచ్చినవారికే.

వదిలేసిన దారి ఒకటి

పుస్తకాలన్నీ మా సొంత యాప్‌లోనే చదివించాలన్న ఆలోచనను ఒక్క సమావేశంలోనే పక్కన పెట్టాం. యాప్ అంటే ఏళ్ల తరబడి పోషించాల్సిన బాధ్యత, పోషించలేని రోజున పాఠకుడి పుస్తకాలూ పోతాయి. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణాన్ని మూసేసినప్పుడు కొన్నవారి పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. ఆ కంపెనీకి స్తోమత ఉంది కాబట్టి అందరికీ డబ్బు తిరిగిచ్చింది. మేం అంత పని చేయలేం. 2009లో అమెజాన్ హక్కుల చిక్కు వచ్చి, అమ్మిన పుస్తకాలను పాఠకుల కిండిల్ ఈ-రీడర్ల నుంచి దూరం నుంచే చెరిపేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. చెరిపేసే వీలు మన చేతిలో ఉంటే ఏదో ఒకనాడు ఎవరో ఒకరు చెరిపేయమంటారు. ఆ వీలే ఉండకూడదని నేను పట్టుబట్టాను.

అమ్మకం వేరు, అరువు వేరు

చర్చలో మా సంపాదకురాలు అడిగిన ప్రశ్న దారి చూపింది. "మనం నిజంగా అమ్ముతున్నది ఏది, కొన్నాళ్లకు ఇస్తున్నది ఏది?" అంతవరకు అన్నిటికీ ఒకే తాళం వేస్తూ వచ్చాం. నవలలు, కథలు అమ్ముతున్నాం. గ్రంథాలయాలకు ఇచ్చేవి అరువు కాపీలు, గడువు కాగానే తిరిగి రావాలి. ఒక పెద్ద సాంకేతిక పాఠ్యగ్రంథాన్ని ఏడాది చందాకు ఇస్తున్నాం. అరువు పుస్తకానికి గడువు అనేది పాఠకుడు ముందే ఒప్పుకున్న షరతు. దాన్ని అమలు చేయడానికి తాళం ఉంటే ఎవరూ తప్పుపట్టరు. అమ్మిన పుస్తకానికి తాళం వేస్తే మాత్రం అమ్మామన్న మాటకే అర్థం లేదు.

కాబట్టి రెండు దారులు. అమ్మినవాటికి తాళం తీసేసి, కొన్నవారి ఆనవాలు వేసే వాటర్‌మార్క్. అరువు, చందా పుస్తకాలకు గడువు పెట్టే వీలున్న ఎల్‌సీపీ అనే మరో రకం తాళం.

వాటర్‌మార్క్ మాట ఎత్తగానే మా సీనియర్ రచయిత ఒకరు ఫోను చేశారు. "తాళం తీసేస్తే నా పుస్తకం వీధిన పడుతుందయ్యా" అన్నారు. "పడే ఉందండీ, మీరు చూస్తానంటే చూపిస్తాను" అన్నాను. చూపించాను కూడా. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "అయితే ఉన్న తాళం కూడా ఎందుకు తీయాలి?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర లెక్కల జవాబు లేదు. పెద్దాయన ఉత్తరం చదివి వినిపించాను. టోర్ బుక్స్ సంగతీ చెప్పాను. సైన్స్ ఫిక్షన్ ప్రచురించే ఆ సంస్థ 2012లో తన ఈ-బుక్కులన్నిటికీ తాళం తీసేసింది. దాదాపు ఏడాది తర్వాత, పైరసీ చెప్పుకోదగ్గంతగా పెరగలేదని ప్రకటించింది. వాళ్ల పాఠకులు వేరు, మన పాఠకులు వేరు అన్నారాయన. నిజమే, కాదనలేకపోయాను.

మచ్చ వేయడంలో మేం చేసిన పొరపాట్లు

వాటర్‌మార్క్ అంటే వినడానికి తేలిక. కొన్నప్పుడు సర్వరు ఆ ఫైలులో కొనుగోలుదారు వివరాలు చేర్చి పంపుతుంది. పైకి కనిపించే గుర్తు ఒకటి, లోపల దాగి ఉండే గుర్తులు కొన్ని. పైది మనిషిని ఆలోచింపజేయడానికి, లోపలిది ఫైలు ఎక్కడిదో మనం పోల్చుకోవడానికి.

మొదటి రూపంలో ప్రతి అధ్యాయం చివర కొన్నవారి పేరు, మెయిల్ చిరునామా వేశాం. ఎక్కువసార్లు కనిపిస్తే ఎక్కువ భయం ఉంటుందని మా తర్కం. మొదటి వారంలోనే ఒకావిడ రాశారు. స్నేహితురాలి పుట్టినరోజుకు పుస్తకం కొని పంపితే, ప్రతి అధ్యాయం చివరా తన మెయిల్ చిరునామా వెక్కిరిస్తూ కనిపించిందట. "బహుమతిగా ఇచ్చానా, హామీ సంతకం పెట్టానా?" అని అడిగారు. రెండో రూపంలో మెయిల్ తీసేశాం. హక్కుల పేజీలో ఒకే ఒక్కచోట "ఈ ప్రతి ఫలానా వారి కోసం తయారైంది" అని వేశాం, బహుమతి అయితే అందుకునేవారి పేరు. భాష కూడా మార్చాం. మొదట్లో అది హెచ్చరికలా ఉండేది. ఇప్పుడు పాతకాలంలో పుస్తకం మొదటి పేజీలో సంతకం పెట్టి ఇచ్చినట్టుంది. లోపలి గుర్తులలో వ్యక్తిగత వివరాలేవీ లేవు, మా ఖాతా లెక్కలలో మాత్రమే అర్థమయ్యే ఆర్డరు సంఖ్య ఉంటుంది.

రెండో పొరపాటు పూర్తిగా నాది. మా ఈ-బుక్కులు ఈపబ్ అనే ఫైలు రూపంలో ఉంటాయి. ఈపబ్ అంటే జిప్ చేసిన ఫైళ్ల మూట. ఆ మూటలో మైమ్‌టైప్ అనే చిన్న ఫైలు అన్నిటికంటే ముందు ఉండాలి, దాన్ని కుదించకూడదు. మా వాటర్‌మార్క్ ప్రోగ్రాము మూట విప్పి, గుర్తు వేసి, మళ్లీ కట్టేటప్పుడు ఆ ఫైలును కూడా అన్నిటితో పాటు కుదించేసింది. నా కంప్యూటర్‌లో, నా ఫోనులో చక్కగా తెరుచుకుంది. కొన్ని ఈ-రీడర్లు మాత్రం ఇది పుస్తకమే కాదు పొమ్మన్నాయి. తాళం తీసేసిన మొదటి రోజే తాళం ఉన్నప్పటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చాయి. ఆ పూట ఆఫీసులో నా మొహం ఎలా ఉండిందో ఇప్పటికీ గుర్తుచేసి నవ్వుతారు. అప్పటి నుంచి గుర్తు వేసిన ప్రతి ఫైలూ, ఈపబ్ సరిగ్గా ఉందో లేదో చూసే ఈపబ్‌చెక్ పరీక్ష దాటాకే పాఠకుడికి వెళుతుంది. దాటకపోతే కొనుగోలు ఆగదు, గుర్తు లేని ప్రతి వెళుతుంది. ఒక ప్రతికి గుర్తు లేకపోవడం కంటే ఒక పాఠకుడికి పుస్తకం అందకపోవడమే పెద్ద నష్టమని ముందే రాసిపెట్టుకున్నాం.

పాఠకుల వైపు మార్పు మాత్రం వెంటనే తెలిసింది. కొన్నది కొన్నట్టు తెరుచుకుంటోంది. కిండిల్ ఉన్నవారు అమెజాన్ వారి సెండ్ టు కిండిల్ సదుపాయం ద్వారా పంపుకుంటున్నారు, 2022 నుంచి అది ఈపబ్‌ను నేరుగా తీసుకుంటోంది. తాళం ఉన్న రోజుల్లో ఆ దారే లేదు. స్క్రీన్ రీడర్ ఉత్తరాల దొంతర మాయమైంది. ఆ ముగ్గురికీ పాత కొనుగోళ్లన్నీ తాళం లేకుండా మళ్లీ పంపాను.

గుర్తున్న కాపీ దొరికినప్పుడు

కొన్నాళ్లకు మా గుర్తున్న ప్రతి ఒకటి పంచుకునే సైటులో కనిపించింది. పై పేజీ తీసేశారు, లోపలి గుర్తు అలాగే ఉంది. ఆర్డరు సంఖ్య పట్టుకుని చూస్తే, మా దగ్గర తరచుగా కొనే పాఠకుడు. మా న్యాయ సలహాదారు నోటీసు ఇద్దామన్నారు. నేను ముందు ఫోను చేస్తానన్నాను.

ఫోను చేసి, "మీ ఖాతా నుంచి వెళ్లిన ప్రతి ఒకటి బయట కనిపించిందండీ, మీ ఖాతా ఎవరైనా వాడుతున్నారేమో చూస్తారా?" అని మాత్రమే అడిగాను. ఆయన కంగారుపడిపోయారు. పాత ట్యాబ్లెట్‌ను ఏమీ చెరపకుండా అమ్మేశారట, పుస్తకాలన్నీ అందులోనే ఉన్నాయి. నిజమో కాదో నేను తేల్చలేను, తేల్చాల్సిన అవసరమూ లేదు. సైటుకు రాసి ఆ ఫైలు తీయించాం. ఆయన ఇప్పటికీ కొంటున్నారు.

ఇంకో సందర్భంలో గుర్తు చూపించిన మనిషి మా దగ్గర ఎప్పుడూ ఏదీ కొననేలేదు. ఆమె కార్డు వివరాలు ఎవరో దొంగిలించి పుస్తకాలు కొన్నారు. ఆమెకు నోటీసు ఇచ్చి ఉంటే దొంగతనానికి గురైన మనిషినే దొంగ అన్నవాళ్లమయ్యేవాళ్లం. గుర్తు ఆర్డరు దాకా దారి చూపుతుంది, మనిషి దాకా చూపదు. పైగా పట్టుదల ఉన్నవాడు రెండు ప్రతులు కొని పక్కపక్కన పోల్చి, తేడా ఉన్నచోటల్లా తుడిచేయగలడు. ఆ పని చేసేవాడిని తాళం కూడా ఆపదు కాబట్టి దాని గురించి నేను నిద్ర చెడగొట్టుకోను.

ఎల్‌సీపీ ఎలా కుదిరింది

ఎల్‌సీపీని పారిస్‌లోని ఈడీఆర్‌ల్యాబ్ అనే సంస్థ నడుపుతోంది, 2020లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ సాంకేతిక నిర్దేశంగా కూడా వెలువడింది. ఇందులో మూడో సంస్థ దగ్గర ఖాతా తెరవనక్కరలేదు. పుస్తకం ఏఈఎస్ 256 బిట్ల పద్ధతిలో రహస్య సంకేతాలుగా మారి ఉంటుంది. పాఠకుడు ఆ పరికరంలో ఒక్కసారి తన పాస్‌ఫ్రేజ్ (కొన్ని పదాల రహస్య మాట) ఇస్తే యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఇంటర్నెట్ లేకపోయినా చదువుకోవచ్చు. గడువు తేదీ లైసెన్సులోనే ఉంటుంది, పొడిగించడం, ముందే తిరిగి ఇచ్చేయడం కూడా అందులోనే. కంప్యూటర్‌లో చదివేవారికి థోరియం రీడర్ ఉచితం, స్క్రీన్ రీడర్లతో అది బాగా పనిచేస్తుంది.

లోటు లేదని కాదు. కిండిల్‌లో తెరుచుకోదు. పాస్‌ఫ్రేజ్ మరిచిపోయేవారు ఇక్కడా ఉంటారు. లైసెన్సులో పాఠకుడికి ఒక సూచన వాక్యం చూపించే వీలుంది. మేం మొదట "మీ పాస్‌ఫ్రేజ్ ఇవ్వండి" అని రాశాం. సూచనలో సూచన లేదన్నమాట. ఇప్పుడు "మా సైటులో మీ ఖాతా పేజీ అడుగున కనిపించే నాలుగు పదాలు" అని ఉంటుంది. దాంతో ఉత్తరాలు బాగా తగ్గాయి. ఇంత చిన్న వాక్యానికి అంత పని ఉంటుందని అనుకోలేదు.

ప్రూఫుల దారిని కూడా మూశాం, పెద్ద సాంకేతికత ఏమీ లేకుండానే. బయటికి వెళ్లే ప్రతి ప్రూఫు మీదా అందుకునేవారి పేరు పేజీకి అడ్డంగా పడుతుంది, మెయిలుకు జతచేయడం బదులు గడువున్న లింకు వెళుతుంది. మొత్తం వ్యవహారంలో అతి తక్కువ శ్రమతో అయిన పని ఇదే. మొదట చేయాల్సింది కూడా ఇదే అయి ఉండాలి.

ఇంకా తేలనిది ఒకటుంది. మా అమ్మకాల షరతులలో ఒక హామీ చేర్చాలనుకున్నాం: ఎప్పుడైనా మా దుకాణం మూతపడితే, అప్పటికి చెల్లుబాటులో ఉన్న చందా పుస్తకాలను కూడా గడువు తీరేదాకా చదువుకునే ఏర్పాటు చేస్తాం, పాత తాళంతో అమ్మిన వాటికి తాళం లేని ప్రతులు ఇస్తాం. ఇందుకు రచయితల రాతపూర్వక అనుమతి కావాలి. ఒప్పందానికి అనుబంధంగా ఒక పేజీ తయారుచేసి అందరికీ పంపాం. చాలామంది సంతకం చేశారు. ఫోను చేసిన సీనియర్ రచయిత ఇంకా చేయలేదు. ఆయన పుస్తకాలు పాత తాళంతోనే అమ్ముడవుతున్నాయి, వాటి పేజీలో కొనే బొత్తానికి పైనే ఆ సంగతి, ఏయే సాఫ్ట్‌వేర్ కావాలో పెద్ద అక్షరాలలో రాసిపెట్టాం. ఆ పుస్తకాల కోసం వచ్చే ఉత్తరాలను మాత్రం విడిగా ఒక దొంతరగా పెడుతున్నాను. ఈసారి ఆయన ఆఫీసుకు వచ్చినప్పుడు చూపించాలి.